గండిపేట నీటి ఋణము

చిలుకూరు బాలాజీ సన్నిధికి ప్రదక్షిణములకై వెళ్లు భక్తులు త్రోవలో పూలతోటలను, కూరగాయల మళ్లను చూచియే యుందురు. నగరమునకింత చేరువలో ఆ పొలములు మిగిలియుండుటకు కారణము కలదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచినది. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనల ననుసరించి, వరద నాపుటకు ఎగువన రెండు జలాశయములు వెలసినవి. మనము గండిపేట యని పిలుచు ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీ నదిపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. మా పాతబస్తీ తరతరములుగా ఆ నీరే త్రాగినది. ఆ నీరు చెడకుండ 1996 మార్చి 8న ప్రభుత్వము 111వ ఉత్తర్వు వెలువరించి, చుట్టును పది కిలోమీటర్ల మేర, 84 గ్రామములలో, పరిశ్రమలను, పెద్ద కట్టడములను నిషేధించినది.

ఆ గ్రామములలో నొకదాని రైతు మా ఆలయమునకు బంతిపూలు తెచ్చెడివాడు. ఒకనాడు పురాణకాలక్షేపము ముగిసిన పిదప నన్నడిగెను: "అయ్యగారూ, గీత అవతల ఎకరం కోట్లు పలుకుతున్నది. ఇవతల నా బిడ్డ పెండ్లికి అమ్మబోతే అడిగెటోడు లేడు. మీరు తాగే నీళ్లకు నేనెందుకు ఆగం కావాలె?"

నేను వరాహావతారమును చెప్పి, భూరక్షణము పుణ్యమంటిని. అతడు నవ్వి, "భూదేవిని స్వామే మోసిండు గద. ఇక్కడ నన్ను మోయమంటున్నరు" అన్నాడు. నలుబదియేండ్లు శాస్త్రము చెప్పిన నాకు బదులు తోచలేదు.

ఇచ్చినవారికి తిరిగి సమర్పింపక అనుభవించువాడు చోరుడని గీత తృతీయాధ్యాయమున భగవానుని మాట. దానిని యజ్ఞవిషయముగనే బోధించితిని గాని, నా యింటి కొళాయికి అన్వయించుకొనలేదు. మేము చెల్లించిన నీటిపన్నులో కొంత యేటేటా ఆ గ్రామములకు చేరియుండిన, పొలము నిలుపుట ఆ రైతునకు శిక్షగా తోచెడిది కాదు.

2022 ఏప్రిల్‌లో 69వ ఉత్తర్వు ఆ నిర్బంధములను తొలగించినది. కృష్ణా గోదావరుల నీరు వచ్చుచుండగా ఈ జలాశయముల అవసరము తగ్గినదని చెప్పిరి. ఈ కారణము నాకు చాలినదిగా తోచదు. ఆ కట్టలు మొదట వరద కొరకే గదా! దున్నిన నేల వాన నింకించుకొనును. సిమెంటు నేల దానిని క్రిందికే తరుమును, క్రింద నున్నది మేమే. సీత యనగా నాగటిచాలు. ఆ చాలు ఒకసారి రాతిక్రింద పడిన మరల దున్నుట యెవరి తరము? రైతు నష్టము తీర్పవలసినదే. కాని దానికి పొలమునే వెలగా నీయవలెనా?

నిరుడు ఆ రైతు దర్శనమునకు వచ్చెను. చేత పూలబుట్ట లేదు. "అమ్మేసిన అయ్యగారూ, బిడ్డ పెండ్లయింది" అని తలవంచుకొనెను. నేనేమియు అనలేదు. స్వామికి బంతిపూలు ఇప్పుడు గుడిమల్కాపూర్ అంగడిలో కొనుచున్నాము.