ఆట త్రాసు

సికింద్రాబాదులో మన పిల్లలు ఫోనులో చదరంగమాడి, రేటింగు అను అంకె కొరకు పోటీపడుచున్నారు. బలవంతుని గెలిచినయెడల అది ఎక్కువ పెరుగును; బలహీనుని చేతిలో ఓడినయెడల ఎక్కువ తగ్గును. ఆచార్య ఆర్పాడ్ ఎలో కూర్చిన ఇట్టి త్రాసునే ప్రపంచ చదరంగ సమాఖ్య 1970లో చేపట్టెను. దానిపై వరంగల్లు బిడ్డ ఇరిగేశి అర్జున్ 2024 డిసెంబరులో 2801 అందుకొనెను. ధనికుడని, దరిద్రుడని దీనికి పక్షపాతము లేదు.

కాని చిన్నవారిని సులువుగా గెలువగోరి కొందరు కావలెనని ఓడి తమ అంకెను దించుకొందురు. త్రాసు మంచిదే, తూనికరాయి దొంగది. వారు సామెతలు 11:1 చదువుకొనవలెను.

అంకె తగ్గిన బిడ్డను మనము తక్కువ చేయకూడదు. ఆ త్రాసు ఆటను తూచును గాని ఆత్మను తూచలేదు. యెష్షయి లెక్కింపని కడసారి కుమారుని హృదయమును దేవుడు చూచెను (1 సమూయేలు 16:7). మన యిండ్లలోను ఆ చూపే ఉండును గాక.