చెంపదెబ్బకు ప్రభువు ఇచ్చిన జవాబు

దివ్యబలిపూజలో సమాధానం తెలుపుకొనే సమయం వచ్చినప్పుడు నేను చాలాకాలం కుడివైపుకు మాత్రమే తిరిగి దండం పెట్టేవాణ్ణి. ఎడమవైపున మా విచారణ పెద్ద ఒకరు కూర్చునేవారు. ఆయన ముఖం చూడటం నాకు ఇష్టం లేదు.

కారణం చెబుతాను. ఒక సంవత్సరం గుడి పండుగ లెక్కలు నేను వ్రాశాను. పండుగ అయిన మరుసటి ఆదివారం పూజ ముగిసిన తరువాత, గుడి వాకిట్లో అందరూ ఉండగా, షామియానాల డబ్బులో కొంత నా ఇంటికి చేరిందని ఆయన అన్నారు. రసీదు నా దగ్గర ఉంది. వారం తిరక్కుండానే విచారణ గురువులు లెక్కలన్నీ చూచి, పైసా తేడా లేదని పూజలోనే ప్రకటించారు. కాని నిందవేసిన మనిషి మాత్రం తన మాట వెనక్కు తీసుకోలేదు. ఊళ్ళో మాటపడ్డవాడికి రసీదు ఎంతవరకు అక్కరకు వస్తుంది? నింద విన్నవారందరూ సవరణ వినరు. విన్నవారిలోనూ కొందరు, నిప్పు లేనిదే పొగ వస్తుందా అనుకొంటూనే ఉంటారు.

ఒక ఆదివారం గుడి నుండి వస్తూ మా చిన్నవాడు అడిగాడు: "నాన్నా, అందరికీ దండం పెడతావు గదా, ఆ పెదనాన్నకు ఎందుకు పెట్టవు?" నేను ఏదో చెప్పి తప్పించుకొన్నాను. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. తప్పు చేసింది ఆయన. సమాధానం తెలుపుకోకుండానే దివ్యసత్ప్రసాదం లోకొంటున్నది నేను.

ప్రియమైన పాఠకులారా, ఇది నా ఒక్కడి సంగతి కాదని నాకు తెలుసు. గట్టు తగాదాతో పదేళ్ళుగా మాటలులేని అన్నదమ్ములు మన విచారణలలో ఉన్నారు. పెళ్ళిలో జరిగిన అవమానంతో పుట్టింటి గడప తొక్కని ఆడపడుచులు ఉన్నారు. ఎవరో ఏదో అన్నారని గుడికి రావడమే మానివేసిన కుటుంబాలూ ఉన్నాయి. వీరిలో చాలామంది రోజూ జపమాల చెప్పుకొనేవారే. క్షమించాలని తెలియక కాదు. క్షమిస్తే తాము ఓడిపోయినట్లు అవుతుందని భయం. "ఒక చెంప కొడితే రెండోది చూపాలంటారు, మరి లోకంలో బ్రతికేదెట్లా?" అని నిజాయితీగా అడుగుతారు. ఆ ప్రశ్నకు మనం నిజాయితీగానే జవాబు వెదకాలి.

మత్తయి సువిశేషం 5వ అధ్యాయంలో ప్రభువు రెండవ చెంప గురించి చెప్పిన మాట మనందరికీ తెలుసు. ఆ మాట చెప్పిన ప్రభువునే తరువాత ఒకరు నిజంగా చెంపమీద కొట్టారు. అప్పుడు ఆయన ఏమి చేశారో మనం అంతగా జ్ఞాపకం ఉంచుకోము. యోహాను సువిశేషం 18వ అధ్యాయం తీసి చూడండి. ప్రధానార్చకుని విచారణలో ఒక బంట్రోతు ఆయనను చెంపపై కొట్టాడు. ప్రభువు తిరిగి కొట్టలేదు. తిట్టలేదు. అట్లాగని తలవంచుకొని ఊరుకోనూ లేదు. తాను చెప్పినదాంట్లో తప్పుంటే చూపించమని, తప్పు లేకపోతే ఎందుకు కొట్టావని ఆ బంట్రోతునే సూటిగా అడిగారు.

ఇది గమనించవలసిన విషయం. రెండవ చెంప చూపడమంటే అన్యాయాన్ని చూచి నోరు మూసుకోవడం కాదని ప్రభువు తన నడవడితోనే తెలిపారు. ఆ జవాబులో రెండు సంగతులు కలిసి ఉన్నాయి. ఒకటి సత్యం: నీవు చేసింది తప్పు. రెండవది ప్రేమ: అయినా నీ తప్పు నేను చేయను. నిన్ను ఇంకా మనిషిగానే చూస్తాను, అందుకే నిన్ను అడుగుతున్నాను. మనలో కొందరికి మొదటిది మాత్రమే వస్తుంది, అది పగ అవుతుంది. ఇంకొందరు రెండవది చేస్తున్నామనుకొని మొదటిది వదిలేస్తారు, అది పిరికితనమో నటనో అవుతుంది. రెండూ కలిసినప్పుడే అది క్రీస్తు మార్గం.

కనుక క్షమించడమంటే ఏది కాదో ముందు తెలుసుకొందాం. అన్యాయాన్ని న్యాయమని చెప్పడం క్షమ కాదు. జరిగింది మరచిపోవడమూ కాదు, మరపు మన చేతిలో ఉండేది కాదు. తాగి వచ్చి రోజూ కొట్టే భర్త ఉన్న సోదరితో "క్షమించి ఊరుకో అమ్మా" అని సలహా చెప్పేవారు క్రీస్తు మాటను తప్పుగా వాడుతున్నారు. ఆమె తనను, తన పిల్లలను కాపాడుకోవాలి. పెద్దల సహాయం, అవసరమైతే చట్టం సహాయం తీసుకోవాలి. అందుకు ఆమె మనసులో పగ ఉండనక్కరలేదు.

రెండవ జాన్ పాల్ పాపుగారి జీవితం ఇక్కడ మనకు వెలుగు ఇస్తుంది. 1981 మే 13న వాటికన్ నగరంలో పునీత పేతురు దేవాలయం ముందు మెహ్మెత్ అలీ అగ్జా అనే వ్యక్తి ఆయనపై కాల్పులు జరిపాడు. నాలుగు రోజులకే, ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే, ఆ మనిషిని సోదరుడని పిలిచి క్షమించినట్లు ఆయన ప్రకటించారు. న్యాయస్థానం తన పని తాను చేసింది. అదే సంవత్సరం జూలైలో అగ్జాకు యావజ్జీవ శిక్ష పడింది. 1983 డిసెంబర్ 27న పాపుగారు స్వయంగా జైలుకు వెళ్ళి, అతని ప్రక్కన కూర్చుని మాట్లాడారు. 2000 సంవత్సరంలో ఇటలీ దేశాధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టేవరకు అతడు ఆ దేశపు జైలులోనే ఉన్నాడు. శిక్ష ఒకవైపు, క్షమ ఒకవైపు సాగాయి. ఒకదానికొకటి అడ్డు రాలేదు.

"వారు పాపుగారు, మనమెక్కడ!" అనవచ్చు మీరు. అయితే మన దేశంలోనే ఒక మామూలు రైతు కుటుంబం ఏమి చేసిందో వినండి.

కేరళ రాష్ట్రంలోని పుల్లువళి గ్రామంలో 1954లో పుట్టిన రాణి మరియ ఫ్రాన్సిస్కన్ క్లారిస్టు సభలో మఠకన్య అయ్యారు. ఉత్తర భారతదేశంలో సేవచేస్తూ 1992లో మధ్యప్రదేశ్‌లోని ఉదయనగర్‌కు చేరారు. అక్కడి పేద గిరిజనులు వడ్డీవ్యాపారుల అప్పుల్లో కూరుకుపోయి ఉన్నారు. ప్రభుత్వ పథకాలు, బ్యాంకు రుణాలు ఎట్లా పొందాలో, తమ హక్కులు ఏమిటో ఆమె వారికి నేర్పారు. దానితో ఆదాయం పోయినవారికి కోపం వచ్చింది. 1995 ఫిబ్రవరి 25న ఆమె ఇందోరుకు బస్సులో వెళుతుండగా, వారు పురమాయించిన సముందర్ సింగ్ అనే యువకుడు అందరి ఎదుటా ఆమెను కత్తితో పొడిచి చంపాడు. ఆమె శరీరం మీద 54 గాయాలున్నాయి. అతనికి యావజ్జీవ శిక్ష పడింది.

రాణి మరియ చెల్లెలు సెల్మి పాల్ కూడా అదే సభలో మఠకన్య. 2002లో రాఖీ పండుగకు ఆమె ఇందోరు జైలుకు వెళ్ళారు. తన అక్కను పొడిచిన చేతికే రాఖీ కట్టి, అతన్ని అన్నగా స్వీకరించారు. తరువాతి కాలంలో వారి తల్లి కూడా సముందర్ సింగును కలుసుకొని, ఆ చేతులను ముద్దు పెట్టుకొన్నారు. అతని విడుదలకు ఆ కుటుంబమే మద్దతు తెలిపింది. 2006లో అతడు విడుదలయ్యాడు. తాను చేసిన పాపానికి పశ్చాత్తాపపడి, ఆ కుటుంబానికి బంధువు అయ్యాడు. 2017 నవంబర్ 4న ఇందోరులో శ్రీసభ రాణి మరియను ధన్యురాలిగా ప్రకటించింది.

ఈ చరిత్ర చదివినప్పుడల్లా నా దృష్టి ఒక చిన్న లెక్కమీద నిలుస్తుంది. హత్య జరిగింది 1995లో. రాఖీ కట్టింది 2002లో. మధ్యలో ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళలో ఆ ఇంట్లో ఎన్ని కన్నీళ్ళు, ఎన్ని జపాలు జరిగాయో దేవునికే తెలుసు. క్షమించాలన్న నిర్ణయం ఒక్క క్షణంలో పుట్టవచ్చు. అది మనసు నుండి చేతివరకు రావడానికి కాలం పడుతుంది. కనుక ఇంకా బాధ తగ్గలేదని, ఆ మనిషిని చూస్తే ఇంకా గుండె మండుతుందని మీరు నిరాశపడకండి. నడుస్తున్నామా లేదా అన్నదే ముఖ్యం.

ఇంకొక సంగతి కూడా ఉంది. సముందర్ సింగ్ చేసింది హత్య కాదని ఆ కుటుంబం ఎన్నడూ అనలేదు. అతన్ని హంతకుడు అన్న ఒక్క మాటతో ముగించివేయడానికి మాత్రం ఒప్పుకోలేదు. నా ఉద్దేశంలో క్షమ సారాంశం అంతా ఇందులో ఉంది. చేసిన తప్పును తప్పుగానే ఉంచి, చేసినవాణ్ణి మాత్రం మన మనుషుల లెక్కలోనుండి కొట్టివేయకుండా ఉండటమే క్షమ.

మరి మన ఇళ్ళలో ఎక్కడ మొదలుపెట్టాలి? మొదట, మనకు జరిగిన అన్యాయాన్ని వచ్చిన ప్రతి బంధువుకు తిరిగి చెప్పడం మానాలి. చెప్పిన ప్రతిసారీ గాయం కొత్తదవుతుంది, ప్రతిసారీ కొంచెం పెద్దది కూడా అవుతుంది. రెండవది, మత్తయి సువిశేషం 18వ అధ్యాయంలో ప్రభువు నేర్పినట్లు, ఆ మనిషితోనే ఒంటరిగా మాట్లాడాలి. నలుగురిలో అడిగితే అది తగవు. నలుగురు లేనప్పుడు అడిగితే అతనికి తన తప్పు ఒప్పుకొనే మర్యాద మిగులుతుంది. మూడవది, ఆ మనిషిని పేరుతో జ్ఞాపకం చేసికొని ప్రార్థించాలి.

ఈ మూడవది నాకు పాపసంకీర్తనంలో దొరికింది. నా కోపం సంగతి చెప్పగా గురువులు ఒక్కటే అడిగారు: "ఆయన పేరు పెట్టి ఎప్పుడైనా ప్రార్థించావా?" లేదన్నాను. ఆ రాత్రి నుండి ఆయనకోసం ఒక మంగళవార్త జపం చెప్పడం మొదలుపెట్టాను. మొదట్లో పండ్లు బిగబట్టి చెప్పాను. ఆయన నాశనం కావాలని కోరుకొంటూనే పెదవులతో మాత్రం చెప్పిన రోజులూ ఉన్నాయి. అయినా చెప్పాను.

కొన్ని నెలలకు వారి తల్లిగారు చనిపోయారు. వెళ్ళాలా వద్దా అని గడప దగ్గర చాలాసేపు నిలబడ్డాను. చివరకు వెళ్ళాను. ఆయన నన్ను చూచి ఏమీ అనలేదు. కూర్చున్న చాపమీద కొంచెం ప్రక్కకు జరిగారు. నేను కూర్చున్నాను. అందరితోపాటు జపమాల చెప్పాము.

షామియానాల మాట గురించి ఆయన ఈనాటివరకు నోరు విప్పలేదు. ఒకసారి ఒంటరిగా కలిసినప్పుడు, ఆ రోజు మీరన్నది నిజం కాదని, నాకు చాలా బాధ కలిగిందని నేనే చెప్పాను. తల దించుకొన్నారు. అంతే. క్షమాపణ అడుగుతారని ఎదురుచూడటం పూర్తిగా మానుకొన్నానని చెప్పలేను. కొన్ని ఆదివారాలు ఆ పాత మంట మళ్ళీ లేస్తుంది. శక్యమైనంతవరకు, మన వంతు మేరకు అందరితో సమాధానంగా ఉండమని పునీత పౌలుగారు రోమీయులకు వ్రాశారు. అవతలి వంతు మన చేతిలో లేదని ఆయనకూ తెలుసు.

ఇప్పుడు పూజలో సమాధానం తెలుపుకొనే సమయానికి నేను రెండువైపులా తిరుగుతున్నాను. అంతకు కొద్దిసేపటి ముందే పరలోక జపంలో మనమందరం దేవునితో ఒక మాట అంటాము: మేము ఎట్లా క్షమిస్తామో అట్లాగే మమ్మల్ని క్షమించమని. ఆ జపంలో మన వంతు చెప్పే మాట అదొక్కటే. వచ్చే ఆదివారం ఆ మాట చెప్పేటప్పుడు, మీరు చూడకుండా తప్పించుకొనే ముఖం ఎవరిదో ఒక్కసారి జ్ఞాపకం చేసికొనండి. తరువాత మెల్లగా ఆ వైపుకు తిరగండి.