వేరుపడే అన్నదమ్ములు

దిల్‌సుఖ్‌నగర్‌లో మోటారు మిషను మీద కుట్టుకునే దర్జీ తన కరెంటు ఎవరి దగ్గర కొనాలో నిర్ణయించుకోలేడు. ఒక మెగావాటుకు మించి వాడే ఫ్యాక్టరీ యజమాని నిర్ణయించుకోగలడు. 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షను అతనికి యీ స్వేచ్ఛను ప్రసాదించింది. ఓపెన్ యాక్సెస్ అని దాని పేరు. 2022 కేంద్ర నిబంధనలు హరిత విద్యుత్తుకు యీ గడపను 100 కిలోవాట్లకు దించినవి. దర్జీ అప్పటికీ గడప బయటనే వున్నాడు.

స్వేచ్ఛ మంచిదే. కాని ఎవరి స్వేచ్ఛ, ఎవరి ఖర్చు మీద? అమ్మేవాడు మారినా తీగ మారదు. విద్యుత్తు కంపెనీ పేరు గుర్తుపెట్టుకొని ప్రవహించదు. మారేది లెక్కల పుస్తకం. ఆ స్తంభాలకూ సబ్‌స్టేషన్లకూ పునాది 1959లో యేర్పడిన విద్యుచ్ఛక్తి బోర్డు ప్రజాధనంతో వేసినది.

యజమాని వాదం కొట్టిపారేయదగినది కాదు. “నా దగ్గర అసలు ఖర్చుకు మించి గుంజి ఇతరుల బిల్లు తగ్గిస్తున్నారు. దానం చేయదలిస్తే ఖజానా నుంచి చేయండి” అంటాడు. ఇందులో న్యాయం వున్నది. మన మిత్రులు దీనికి జవాబు మాని నినాదంతో తప్పుకోవడం నాకు నచ్చదు. పన్నయితే శాసనసభలో చర్చకు వస్తుంది. చార్జీలో దాగిన పన్ను ఎవరికీ కనబడదు. కాని అతడు వెళ్ళిన రోజున ఆ లోటు తనంతట తాను ఖజానాకు పోదు, మిగిలినవాళ్ళ బిల్లుకు పోతుంది. పైగా పగలు సౌరవిద్యుత్తు బయట కొన్నవాడు సాయంకాలం డిస్కం గుమ్మంలోనే నిలబడతాడు. డిస్కం రాత్రింబవళ్ళు అతనికోసం సిద్ధంగా వుండాలి.

వేరుపడే అన్నదమ్ములు ఆస్తితోపాటు అప్పూ పంచుకుంటారు. క్రాస్ సబ్సిడీ సర్‌చార్జి అటువంటిదే. దానిని క్రమంగా తగ్గించి తొలగించాలని 2003లో వ్రాశారు. 2007 సవరణలో ‘తొలగించాలి’ అన్న మాట పోయింది. (తెలుగు మాస్టారికి మాటల మీద ఆ మాత్రం చూపు వుంటుంది.) అయితే సందు వేరేచోట వున్నది: కొందరు కలిసి ఒక ప్లాంటులో 26 శాతం వాటా కొని, ఉత్పత్తిలో 51 శాతం వాడుకుంటే అది సొంత ప్లాంటు, సర్‌చార్జి వుండదు.

2000 ఆగస్టు 28న చార్జీల పెంపుకు వ్యతిరేకంగా బషీర్‌బాగ్‌లో నడిచి కాల్పులకు గురైనవారికి అమ్మేవాణ్ణి మార్చుకునే దారి లేదు. వీధిలోకి రావడమొక్కటే వారికి మిగిలింది.

“మా యింటి మీటరుకు యీ హక్కు ఎప్పుడొస్తుంది సార్?” అని క్లాసులో ఒకడు అడిగాడు. వస్తే వాడుకుంటావా అన్నాను. చౌకైతే ఎందుకు వాడుకోను అన్నాడు. పక్కవాడి తండ్రికి ఆటోనగర్‌లో ఒక లేతు మిషను వున్నది. అతను మాట్లాడలేదు.