నిశ్శబ్దక్రియ

వాయించనివాణ్ణి వాద్యకారుడనవచ్చునా? నవ్వులాటకు అడగడం లేదు. 1952 ఆగస్టు 29న అమెరికాలోని వుడ్‌స్టాక్ దగ్గర జరిగిన ఒక కచేరీలో డేవిడ్ ట్యూడర్ అనే పియానో విద్వాంసుడు వేదికనెక్కి, వాద్యం మూత దించి, గడియారం చూసుకుంటూ, కాగితాలు తిప్పుతూ, నాలుగు నిమిషాల ముప్పైమూడు సెకన్లపాటు ఒక్క స్వరమైనా పలికించలేదు. మూడు భాగాల ఆ రచన జాన్ కేజ్‌ది. సభలో కొందరు లేచిపోయారు.

తాళం వేస్తూ కచేరీ వినే మనకు ఇది అంత వింత కానక్కరలేదు. ఆదితాళంలోని ఎనిమిది క్రియల్లో చప్పుడయ్యే దెబ్బలు మూడే. మిగిలిన అయిదూ, అంటే వేళ్ళ లెక్కా విసర్జితమూ, నిశ్శబ్దక్రియలు. మన పెద్దలు వాటిని ఖాళీ అనలేదు, క్రియ అన్నారు. దేశాదితాళంలో త్యాగరాజ కృతిని ఒకటిన్నర అక్షరం ఆగి ఎత్తుకుంటారు. ఆ కాస్తలో గాయకుడు ఏమరితే పల్లవి దారి తప్పుతుంది.

వైద్యుణ్ణి కనుక గుండె సంగతీ చెబుతాను. నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండె ప్రతిసారీ ముడుచుకోవడానికి సుమారు 0.3 సెకను, సడలడానికి 0.5 సెకను పడుతుంది. గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది ఆ సడలికలోనే. మైట్రల్ కవాటం ఇరుకైనవారిలో మంద్రమైన సొద వినిపించేదీ అక్కడే. చప్పుళ్ళు మాత్రమే వినే డాక్టరు దాన్ని పోగొట్టుకుంటాడు.

ఇక్కడ దోహాలో నా దగ్గరకు కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కూలి ఒకాయన వచ్చాడు. “ఏం లేదు సారూ, నడుం గుంజుతుంది” అని ఊరుకున్నాడు. నేనూ ఊరుకుని మందుచీటీ రాసిచ్చాను. వారానికి మళ్ళీ అదే మాటతో వచ్చాడు. ఈసారి కలం కింద పెట్టి ఊరుకున్నాను. చాలాసేపటికి, తండ్రి పోయి నెలయిందనీ, చివరిచూపుకు పోలేకపోయాననీ, అప్పటినుంచి నిద్ర లేదనీ చెప్పాడు.

రెండుసార్లూ నేను మాట్లాడలేదు. చూసేవాడికి రెండు మౌనాలూ ఒక్కటే. కాని మొదటిది నా అశ్రద్ధ, రెండవది నా పని. అపస్వరం పలికితే సభ పట్టుకుంటుంది. నిశ్శబ్దంలో తప్పితే పట్టుకోగలవాడు తానొక్కడే. అందుకే దీన్ని సంగీతప్రశ్న అనేకన్నా నీతిప్రశ్న అనడం న్యాయమనిపిస్తుంది.

కేజ్ రచన సంగీతమా కాదా అన్నది విద్వాంసులు తేల్చుకోనీండి. ఏమీ వాయించనివాడికి గడియారం ఎందుకని నేనూ ఒకప్పుడు నవ్వినవాణ్ణే. ఇప్పుడు నవ్వు రావడం లేదు.