బొబ్బట్లకీ అరిసెలకీ మధ్య

బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. పసిబిడ్డ కండబలానికి మన అమ్మమ్మలు పెట్టుకున్న కొలబద్ద ఇది. ఆ రెండు పిండివంటలకీ నడుమ ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టాల్సిన అవసరం వాళ్ళకి రాలేదు. మెడ నిలవడం, చేతుల మీద లేవడం, ఆసరా లేకుండా కూర్చోవడం, పారాడటం, మంచంకోడు పట్టుకుని నిలబడటం వాటంతటవే జరిగిపోయేవి. అరిసెలకి బియ్యం నానబోసేలోపే పిల్లాడు గడప దాటేసేవాడు.

స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ ఉన్న బిడ్డ ఇంట్లో మాత్రం ఆ మెట్లు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడతాయి. ఎస్‌ఎంఏ అంటారు దాన్ని పొట్టిగా. కండరాలకి కబురు మోసే వెన్నుపాము నరకణాలు, ఒక ప్రొటీను చాలక, చచ్చిపోతుంటాయి. కారణమైన జన్యువుని 1995లో పట్టుకున్నారు. బుద్ధికి ఏ లోటూ ఉండదు. కళ్ళు గదంతా చుట్టి వస్తాయి, మెడ మాత్రం వాటి వెంట పోదు. ఇందులో మొదటి రకం వచ్చిన పిల్లలు, మందుల్లేని రోజుల్లో, ఎన్నడూ సొంతంగా కూర్చోలేదు. వైద్యగ్రంథాల్లో ఆ రకానికి నిర్వచనమే అది.

అందుకే ఐదు సెకన్లని నేను కీర్తించాలి. రిస్డిప్లామ్ అనే నోటి మందు మీద జరిగిన ఫైర్‌ఫిష్ అధ్యయనంలో 41 మంది పసివాళ్ళకి ఏడాదిపాటు మందు పోశారు. ఆ తర్వాత అడిగిన అసలు ప్రశ్న ఒక్కటే: ఆసరా లేకుండా ఐదు సెకన్లు కూర్చుంటారా? 12 మంది కూర్చున్నారు. ఎవరూ దాటని గీతని పన్నెండుమంది పాలబుగ్గలవాళ్ళు దాటేశారు! నుసినెర్సెన్ మందుని లక్షణాలు కనబడకముందే 25 మంది శిశువులకి ఇచ్చి చూసిన నర్చర్ అధ్యయనంలోనైతే అందరూ కూర్చున్నారు, 22 మంది ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచారు.

ఇంతటి అద్భుతాన్ని చూడటానికి కన్ను చాలదు. రోజూ ఎత్తుకునే తల్లికి మార్పు తెలియదు, ఆర్నెల్లకోసారి వచ్చే మేనత్తకి లేని మార్పు కూడా కనిపిస్తుంది. ఆ పని ఫిజియోది. లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రి పేరున్న స్కేలులో 33 పనులుంటాయి. చెయ్యలేకపోతే సున్నా, తంటాలుపడి చేస్తే ఒకటి, చక్కగా చేస్తే రెండు, మొత్తం 66. చెయ్యి తలకి తాకించడం దగ్గర్నుంచి మెట్లెక్కడం, గెంతడం దాకా అందులో ఉన్నాయి. పసికందులకి ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రిలో పుట్టిన చాప్ ఇంటెండ్ వేరే ఉంది, 16 అంశాలు, 64 మార్కులు. చెప్పిన మాట వినే వయసు కాదు కదా, బొమ్మ ఊపి, అటూ ఇటూ పొర్లించి కదలికని రాబట్టాలి. ఆకలేసినా, నిద్రొచ్చినా లెక్క చెడుతుంది. చేతుల కోసం ఉన్న పరీక్షలో కాగితం చింపడం కూడా ఒకటి. ఇంట్లో చింపితే వీపు మోగేది, ఇక్కడ చింపితే మార్కు.

ధవళేశ్వరం దగ్గర గోదారి నీటిమట్టం 11.75 అడుగులు చేరి మొదటి హెచ్చరిక పడగానే లంకల్లో సామాను సర్దుకునే జనం మనం. దూరాన ఎవరో చదివిన అంకెని నమ్మి బతకడం కోనసీమకి కొత్త కాదు. ఫిజియో వేసే ఈ అంకె ముందు కూడా అలాగే ఊపిరి బిగబట్టి కూర్చుంటాం, కాకపోతే పెరగాలని. తగ్గితే మందు ఓడిపోయినట్టు కాదు. మోకాలు బిగుసుకుందేమో, వెన్ను వంగుతోందేమో, మొన్నటి జ్వరం నీరసమేమో వెతకాలి. మంచి ఫిజియో అంకె రాసుకుని ఊరుకోదు, అది ఎక్కడ జారిందో వేలుపెట్టి చూపిస్తుంది.

అమలాపురానికి రైలింకా రాలేదు. రాజోలు నుంచో కొత్తపేట నుంచో వైద్యం కోసం హైదరాబాదుకి బిడ్డని రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాలి. అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి నడిపే కేంద్రం అక్కడే ఉంది. అదే హైదరాబాదు కంపెనీ నాట్కో, కోర్టుల్లో గెలిచి, 2025 అక్టోబరులో రిస్డిప్లామ్ సీసాని 15,900 రూపాయలకి తెచ్చింది. అంతకుముందు దాని ధర సుమారు 6 లక్షలు. ఇప్పటికీ బీదవాడికి అది బరువే, కానీ ఆరు లక్షలప్పుడు తలుపే లేదు.

పెద్దయ్యాక మందు మొదలుపెట్టినవాళ్ళకి అంకె పెరగకపోవచ్చు. చేతుల పరీక్షలో మొత్తం 37కి రెండేళ్ళ కిందట 22, ఇవాళా 22 అనుకోండి. బడిలో అయితే నాన్న కేకలేస్తాడు. ఇక్కడ అదే పండగ, మందే లేకపోతే ఆ అంకె ఏటేటా దిగిపోవాల్సింది కనక. ఆ 22లోనే ఉన్నాయి చక్రాల కుర్చీ మీట తిప్పే వేలు, ఫోను జారనివ్వని పిడికిలి, ముద్ద నోటిదాకా తెచ్చే మోచెయ్యి. పులస ముక్కలో ముళ్ళు ఒకరు ఏరిపెట్టకుండా తన వేళ్ళతో తనే ఏరుకు తినడం గోదారి జిల్లాల్లో చిన్న సంగతేం కాదండీ.