ఏమీ కాలేదుగా!

మన ఇళ్ళల్లో తరచుగా వినబడే మాటల్లో "ఏమీ కాలేదుగా" అన్నది ఒకటి. పాలు పొంగి స్టవ్వు ఆరిపోయి ఇల్లంతా గ్యాసు కమ్మినా, కుర్రవాడు కదిలే బస్సులోంచి దూకినా, ముందు గుండెలు బాదుకుని ఆ తరువాత ఈ మాట అనుకుని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటాం. ఏమీ కాకపోవడం అదృష్టమే, కాదనను. కాని, ఏమీ కానంత మాత్రాన తప్పు జరగనట్టేనా? కొన్నాళ్ళుగా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. కారణం, కలువాయిలో కాపురముంటున్న మా పిన్ని మనవరాలు.

ఆ పిల్లకు అయిదో నెల దాటింది. కడుపులో బిడ్డ అవయవాలన్నీ సవ్యంగా ఏర్పడ్డాయో లేదో చూడడానికి 18 నుంచి 22 వారాల మధ్య ఒక స్కానింగు చేస్తారు కదా, దానికోసం అత్తగారు పొద్దున్నే బస్సెక్కించి టౌనుకు తీసుకెళ్ళింది. ప్రైవేటు సెంటరు. పేరెందుకులెండి. బెంచీల నిండా నీళ్ళు తాగి బిగపట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు. వంతు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. బల్లమీద పడుకున్నది అయిదారు నిమిషాలు. "బిడ్డ బాగా కదుల్తా ఉందా మేడం?" అని అడిగితే, "గమ్మునుండమ్మా, అవన్నీ చెప్పకూడదు, రూలు" అన్నారట. ఆఖర్న "అంతా బాగుంది, పోయిరండి" అని కవరు చేతిలో పెట్టారు.

తరువాత నేను ఆ ఊరు వెళ్ళినప్పుడు ఆ కవరు బీరువాలో, పెళ్ళిచీర మడతల్లో భద్రంగా ఉంది. కాగితమంటూ కనబడితే చదవకుండా ఉండలేని జబ్బు నాది. నేను చదివింది ఉత్త బి.ఏ., వైద్యం రాదు. అయినా ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కోగలను. అడుగున సన్నటి అక్షరాల్లో ఉంది: బిడ్డ పడుకున్న తీరువల్ల గుండె, వెన్నెముక సరిగా కనబడలేదు, వారం తరువాత మళ్ళీ చూడాలి. అప్పటికి తొమ్మిది రోజులైంది!

మర్నాడే ఇంకోచోటికి తీసుకెళ్ళాం. ఈసారి డాక్టరమ్మ అరగంటసేపు ఓపిగ్గా చూసింది. మధ్యలో పిల్లను లేపి కాసేపు నడవమంది, పక్కకు ఒత్తిగిలమంది. వెన్నెముక బాగుంది, గుండెలో నాలుగు గదులూ బాగున్నాయి. ఇంటికి రాగానే అత్తగారు కాళ్ళు చాపుకుని కూర్చుని అంది గదా: "చూసినావా వొదినా, ఏమీ కాలేదుగా! ఊరికే హడావిడి పెట్టినావు."

నాకు ఉక్రోషం వచ్చింది. బిడ్డ బాగున్నందుకు కాదు సుమా!

ఆ సెంటరువాళ్ళ తరఫున కూడా ఆలోచించి చూశాను. బయట అంతమంది ఉన్నారు, ఒక్కొక్కరికీ అరగంట ఇస్తే రాత్రయినా తెమలదు. పోనీ, సరిగా కనబడలేదన్న సంగతి కాగితంమీద నిజాయితీగానే రాశారు. కాని ఆ నిజాన్ని ఎవరి కోసం రాశారు? నోటితో చెప్పిన "అంతా బాగుంది" తెలుగులో ఉంది. రాసింది ఇంగ్లీషులో ఉంది. ఆ పిల్లకు దక్కింది మొదటిదే.

ఇక ఆ "రూలు" సంగతి. 1994లో చేసిన ఆ చట్టం 1996 నుంచి అమల్లోకి వచ్చింది, 2003లో ఇంకా గట్టిపడింది. పుట్టబోయేది ఆడో మగో మాటలతో గాని, సైగలతో గాని, మరే విధంగా గాని చెప్పకూడదంటుంది. అంతే! గుండె కనబడలేదని చెప్పొద్దనలేదు, మళ్ళీ రమ్మని చెప్పొద్దనలేదు. ఆడపిల్ల ప్రాణం కాపాడడానికి పెట్టిన మౌనం, బల్లమీద పడుకున్న ఆడదాని నోరు మూయించడానికి పనికొస్తోందన్నమాట.

స్కానింగు వల్ల బిడ్డకు హాని లేదా అని చాలామంది భయపడుతుంటారు. అది ఎక్స్‌రే కాదు, మన చెవికి అందని శబ్దం. 1958లో గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ అనే డాక్టరు, ఇనుములో పగుళ్ళు వెతికే పరికరాన్ని చూసి, ఇంజనీరు టామ్ బ్రౌన్ సాయంతో దీన్ని గర్భిణులకు పనికొచ్చేట్టు చేసి లోకానికి చెప్పాడు. అవసరానికి, తెలిసిన చేతులతో వాడితే భయపడనక్కర్లేదంటారు. అంటే యంత్రం మంచిదే. చూసే చూపు, చెప్పే మాట సంగతే అనుమానం.

అంతకుముందు గర్భిణులకు ఎక్స్‌రేలే తీసేవారు. ఏమీ కావడం లేదనే అనుకున్నారు. 1956లో ఆలిస్ స్టూవర్ట్ అనే ఇంగ్లండు వైద్యురాలు, కాన్సరుతో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల దగ్గరకు ప్రశ్నలు పంపి, కడుపుతో ఉన్నప్పుడు ఏం జరిగిందని అడిగించింది. కడుపులో ఉండగా ఎక్స్‌రే తగిలిన పిల్లలకు ముప్పు ఎక్కువని బయటపడింది. చాలా ఏళ్ళు పెద్దపెద్ద వైద్యులే నమ్మలేదు. చూశారా, తల్లుల్ని ఒకరు కూర్చోబెట్టి అడిగేదాకా "ఏమీ కాలేదు" అన్నదే నిజంగా చెల్లిపోయింది!

మెట్టపొలాల్లో గట్టు కట్టని మోటబావులు మీరు చూసే ఉంటారు. చీకట్లో ఒకామె దాని అంచు పక్కగా నడిచి క్షేమంగా ఇల్లు చేరిందనుకోండి. బావిగలాయన "పడలేదుగా" అంటే ఒప్పుకుంటామా? బావి ఉందని తెలిసీ ఆ దారినే వెళ్ళడం ఆమె ఇష్టం. తెలియనివ్వకపోవడం వేరు. మా పిల్లకు మొదటి స్కానింగునాటికి 21 వారాలు. బిడ్డకు తీవ్రమైన లోపమేదైనా ఉండి గర్భం వద్దనుకుంటే, 2021 సవరణ ప్రకారం 24 వారాల వరకు ఇద్దరు వైద్యులు ఒప్పుకుంటే చాలు. ఆపైన మెడికల్ బోర్డు దాకా పోవాలి. ఉంచుకోదలిస్తే పెద్దాసుపత్రిలో కాన్పుకు ముందే ఏర్పాట్లు చూసుకోవాలి. ఆ తొమ్మిది రోజులూ ఆ పిల్లవి. ఆమెను అడక్కుండానే ఖర్చుపెట్టేశారు.

డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికే వస్తుందని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది, నిజమే. కాని పరిహారం కావాలంటే జరిగిన నష్టం చూపించాలి. క్షేమంగా బయటపడ్డవాళ్ళు ఏం చూపిస్తారు?

ఇదంతా అత్తగారితో అన్నాను. ఆవిడ ఓపిగ్గా విని, "నువ్వు చదువుకున్నదానివి వొదినా, అడుగుతావు. మేమడిగితే కసురుకుంటారు. రేపు కాన్పు కష్టమైతే మళ్ళా ఆ గడపే కదా తొక్కాల్సింది" అంది. ఈ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఉక్రోషమూ చల్లారింది. అడిగితే తల్లికీ బిడ్డకూ ఎక్కడ చెడుపో అని భయపడేవాళ్ళను పట్టుకుని, అడగలేదేమని దెప్పడం నాకు న్యాయంగా తోచలేదు.

వచ్చేముందు, రిపోర్టుల్లో సాధారణంగా కనబడే నాలుగైదు ఇంగ్లీషు మాటలకు అర్థాలు ఆ రెండో డాక్టరమ్మను అడిగి తెలుగులో ఓ అరకాగితంమీద రాసిచ్చాను. "సరిగా కనబడలేదు", "మళ్ళీ చూడాలి" లాంటివే. నా నవల ఒక్కటైనా చదవని ఆ పిల్ల, ఆ అరకాగితాన్ని మాత్రం జిరాక్సు తీయించి, వాళ్ళ వీధిలో కడుపుతో ఉన్న మరో ఇద్దరికి ఇచ్చిందట.