దాచిన తప్పుకు శిక్ష ఎవరికి?



ఈ తడవ కాలేజీ ఆటల సంగతి వ్రాయుచున్నాము. షోలాపూర్ మగ్గాల చప్పుడు మధ్య ఖోఖో, కబడ్డీ ఆడుకొనే మన పిల్లలకు అమెరికా కాలేజీల గొడవ ఎందుకని కొందరు అడుగవచ్చును. మహారాష్ట్రలో ప్రభుత్వ ఉద్యోగాలలో క్రీడాకారులకు 5 శాతం కోటా ఉన్నది. చద్దర్ల కారఖానాలో నిలబడి పనిచేసే తండ్రికి, బీడీలు చుట్టే తల్లికి, బిడ్డ పెద్ద పోటీలలో గెలవడమంటే నెల జీతము ఇంటికి వచ్చే దారి. అందుచేత ఆట నేర్పే మాస్టారి చేతిలో ఆ ఇంటి ఆశ అంతా ఉంటుంది. అట్టి మాస్టారి మీద ఫిర్యాదు చేయుటకు ఎవరికి నోరు వచ్చును?

పెన్సిల్వేనియాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయమునకు ఫుట్‌బాల్ అంటే ప్రాణము. అక్కడ సహాయ శిక్షకుడుగా ఉండిన జెర్రీ శాండస్కీ బాలురను చెరిచినట్లు 2012 జూన్‌లో 45 అభియోగాల క్రింద కోర్టులో రుజువైనది. 2001లోనే ఒకరు చూచి పెద్ద శిక్షకునికి చెప్పిరి. ఆ మాట పైఅధికారుల వరకు వెళ్లినది, పోలీసుల వద్దకు మాత్రము వెళ్లలేదు. 2012 జూలై 23న కాలేజీ ఆటల సంఘము ఎన్.సి.ఏ.ఏ. ఆ విశ్వవిద్యాలయమునకు 6 కోట్ల డాలర్ల జరిమానా వేసినది. సీజను చివర జరిగే పెద్ద పోటీలకు 4 ఏండ్లు రానీయమన్నది. 1998 నుండి 2011 వరకు గెలిచిన 112 ఆటలను లెక్కలోనుండి కొట్టివేసినది.

2001లో నోరు మూసుకొన్నది పెద్దలు. 2012లో జట్టులో ఉన్న కుర్రవాళ్లు అప్పటికి బడి పిల్లలు. వారి ఆటకు అడ్డము పెట్టుట న్యాయమా? మన దేశములోను ఇటువంటిది జరిగినది. మల్లీశ్వరి పతకముతో శ్రీకాకుళము పేరు మ్రోగించిన వెయిట్‌లిఫ్టింగులోనే, కొందరు మందులు వాడినందున 2006లో భారత సమాఖ్య మీద ఏడాది నిషేధము పడినది. మందు ముట్టనివారు కూడ దోహా ఆసియా క్రీడలకు వెళ్లలేకపోయిరి.

మన పేటల్లో ఇది తెలియని సంగతి కాదు. తప్పు నేత పడిన టవలును మడతలో పెట్టి బేలు కట్టితే, సరుకు తిరిగి వచ్చిన నాడు కోత పడేది మజూరీలోనే. శిక్ష ఎప్పుడును క్రిందికే జారును.

అయినను సంస్థను వదిలివేయరాదని మా అభిప్రాయము. ఆ పెద్దలు దాచినది తమ జేబు కోసము మాత్రమే కాదు, సంస్థ పేరు కోసము. పేరు వలన వచ్చిన లాభము సంస్థదే గదా. కనుక జరిమానా సరియైనదే. ఆ సొమ్ము పెన్సిల్వేనియాలోనే పిల్లల రక్షణకు వాడవలెనని తరువాత ఒప్పందమైనది, అది మరీ మంచిది. కోరిన ఆటగాళ్లు వెంటనే వేరే కాలేజీకి మారి ఆడుకొనుటకు సెలవిచ్చుట కూడ మంచిదే. గెలుపులు చెరిపివేయుట మాత్రము మాకు రబ్బరు పెట్టి పలక తుడిచినట్లు కనబడినది. దాని వలన ఏ బాలునికి ఏమి ఊరట? పోటీల నిషేధమును 2014లో ఎత్తివేసిరి, గెలుపులను 2015లో తిరిగి వ్రాసిరి. అసలు పని కోర్టు చేసినది. 2017లో పూర్వాధ్యక్షునితో సహా ముగ్గురు అధికారులు పిల్లలను అపాయమునకు గురిచేసినందుకు దోషులైరి.

మాకు ఇంకొకటి మింగుడు పడదు. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయపు వైద్యుడు లారీ నాసర్ చేతిలో చెడిన ఆడపిల్లలు, స్త్రీలు 150 మందికి పైగా 2018లో కోర్టులో గోడు చెప్పుకొన్నారు. ఆ ఏడే, ఆ సంస్థ తన నియమములేవియు మీరలేదని ఎన్.సి.ఏ.ఏ. తేల్చినది. ఇదే సంఘము ఆటగాళ్లకు చాటున డబ్బిచ్చినందుకు 1987లో సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయములో ఏడాది ఫుట్‌బాలే ఆపించినది. డబ్బుకు నియమమున్నది, బిడ్డలకు లేకపోయెనా?

మన దేశములో ఆ నియమము చట్టములోనే ఉన్నది. 2012 నవంబరు 14 నుండి అమలులో నున్న పోక్సో చట్టము ప్రకారము, 18 ఏండ్లు నిండని బిడ్డ మీద ఇటువంటి నేరము జరిగినదని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరవలెను. తన క్రింది ఉద్యోగి చేసినదానిని సంస్థ అధిపతి చెప్పక ఊరకుంటే ఏడాది వరకు జైలు, జరిమానా కూడ. బడి కమిటీలలో కూర్చున్న మన సంఘస్థులు వచ్చే మీటింగులో ఈ సెక్షన్లు, 19, 21, చదివించి, ఫిర్యాదు ఎవరికి చెప్పవలెనో ఆటస్థలము గోడ మీద తెలుగులోను మరాఠీలోను వ్రాయించుడి.